తెలుగు సినిమా నటుల బిరుదుల మార్పు

తెలుగు సినిమా నటుల బిరుదుల మార్పు అనగా, తెరపై పేరుకు ముందు వాడుకలో ఉన్న ఒక బిరుదును నటుడు లేదా నటి విడిచి, అంతకంటె విస్తృతమైన అర్థం గల మరొక బిరుదును స్వీకరించడం. "సుప్రీం హీరో"గా ప్రచారంలో ఉన్న చిరంజీవి 1988లో "మెగాస్టార్" కావడం, "స్టైలిష్ స్టార్" అల్లు అర్జున్ 2021లో "ఐకాన్ స్టార్" కావడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. గోడమీది ప్రకటనలో బిరుదు ఒకటి రెండు మాటలకు మించదు. అయినా ఆ నటుని గురించి ప్రేక్షకుడు ముందుగా ఏమి ఊహించుకోవాలో చాలావరకు నిర్ణయించేది ఆ మాటలే. అందువలన బిరుదు పాత్రల ఎంపికను, మార్కెట్టును, కొన్ని సందర్భాలలో రాజకీయ జీవితాన్ని కూడా ప్రభావితం చేస్తుంది.

బిరుదు - వ్యక్తిగత బ్రాండు

వ్యాపార సంస్థలు తమ పేరు కింద ఒక చిన్న వాక్యాన్ని ప్రచార నినాదంగా వాడుతాయి. సరకు ఏమిటో, దానిని ఎందుకు కొనాలో ఆ వాక్యం చెప్పాలి. సంస్థ కొత్త సరకుల వైపు విస్తరించినపుడు పాత వాక్యం ఇరుకు అవుతుంది. అప్పుడు దానిని మారుస్తారు. వ్యక్తికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుందనే ఆలోచనకు అమెరికా రచయిత టామ్ పీటర్స్ 1997లో "ఫాస్ట్ కంపెనీ" పత్రికలో వ్రాసిన వ్యాసం విస్తృత ప్రచారం కల్పించింది. "వ్యక్తిగత బ్రాండు" అనే మాట ఆ తరువాత వ్యాపార, ఉద్యోగ రంగాలలో స్థిరపడింది.

తెలుగు సినిమాలో ఈ పని చేసేది బిరుదు. ప్రచార నినాదం పేరు తరువాత వస్తే, బిరుదు పేరుకు ముందు వస్తుంది. వ్యాకరణ దృష్టితో చూస్తే ఇది విశేషణం. విశేషణం నామవాచకానికి ఒక గుణాన్ని చేరుస్తూనే, ఆ గుణానికి దానిని పరిమితం కూడా చేస్తుంది. బిరుదు మార్పులోని చిక్కు అంతా ఇక్కడే ఉన్నది.

నేపథ్యం

పేరుకు బిరుదు చేర్చడం తెలుగువారికి సినిమాతో వచ్చిన అలవాటు కాదు. నన్నయ "ఆదికవి", "వాగనుశాసనుడు". తిక్కన "కవిబ్రహ్మ", "ఉభయకవిమిత్రుడు". ఎర్రన "ప్రబంధ పరమేశ్వరుడు". శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల ఆస్థానంలో డిండిమభట్టును వాదంలో ఓడించి "కవిసార్వభౌముడు" అనిపించుకున్నాడని ప్రసిద్ధి. అల్లసాని పెద్దనకు "ఆంధ్రకవితా పితామహుడు" అనే బిరుదు ఉంది. ఆధునిక కాలంలో విశ్వనాథ సత్యనారాయణ "కవిసామ్రాట్"గా, ఆదిభట్ల నారాయణదాసు "హరికథా పితామహుడు"గా ప్రసిద్ధులు.

ఈ బిరుదులు ఎక్కువగా ప్రతిభ నిరూపణ అయిన తరువాత వచ్చినవి. వాటిని రాజో, పండితసభో, ప్రజలో ఇచ్చేవారు. సినిమా తొలితరం అగ్రనటుల బిరుదులు కూడా ఈ సంప్రదాయపు నుడికారంలోనే ఉండేవి. నందమూరి తారక రామారావు "నటసార్వభౌమ", అక్కినేని నాగేశ్వరరావు "నటసామ్రాట్", ఎస్.వి.రంగారావు "విశ్వనటచక్రవర్తి", సావిత్రి "మహానటి". రామారావు బిరుదుకు "విశ్వవిఖ్యాత" అనే మాట చేరి "విశ్వవిఖ్యాత నటసార్వభౌమ"గా పెరగడం, పాతది పోకుండానే పరిధి పెంచడానికి ఉదాహరణ.

బిరుదులలో రకాలు

వాడుకలోని బిరుదులను అర్థాన్ని బట్టి ఈ విధంగా విభజించవచ్చును.

* స్థాయిని తెలిపేవి: నటసార్వభౌమ, నటసామ్రాట్, సూపర్ స్టార్ (కృష్ణ), మెగాస్టార్.
* వయసును తెలిపేవి: యువసామ్రాట్ (నాగార్జున), యువరత్న (బాలకృష్ణ), ప్రిన్స్ (మహేష్ బాబు), యంగ్ రెబల్ స్టార్ (ప్రభాస్), యంగ్ టైగర్ (జూనియర్ ఎన్టీఆర్).
* గుణాన్ని లేదా శైలిని తెలిపేవి: రెబల్ స్టార్ (కృష్ణంరాజు), స్టైలిష్ స్టార్ (అల్లు అర్జున్), నేచురల్ స్టార్ (నాని).
* ఫలితాన్ని తెలిపేవి: విక్టరీ (వెంకటేష్), కలెక్షన్ కింగ్ (మోహన్ బాబు).
* మరొకరితో పోల్చేవి: లేడీ అమితాబ్ (విజయశాంతి).
* సినిమా పేరు నుండి వచ్చినవి: షావుకారు జానకి, శుభలేఖ సుధాకర్, సిరివెన్నెల సీతారామశాస్త్రి, అల్లరి నరేష్, వెన్నెల కిషోర్.

వీటిలో స్థాయిని తెలిపే బిరుదులు ఎక్కువ కాలం నిలుస్తాయి. వయసును తెలిపేవాటికి స్వతహాగానే గడువు ఉంటుంది. గుణాన్ని తెలిపేవి నటుడు ఆ గుణానికి దూరమైన పాత్ర వేసిన రోజున ఇబ్బంది కలిగిస్తాయి.

మార్పుకు కారణాలు

వయసు: "యువ", "యంగ్", "ప్రిన్స్" వంటి మాటలు తొలి చిత్రాలలో ఉత్సాహాన్ని సూచిస్తాయి. నటుడు నలభై దాటిన తరువాత అవే మాటలు పొసగవు. మహేష్ బాబు 1999లో "రాజకుమారుడు"తో కథానాయకుడుగా పరిచయమైనపుడు "ప్రిన్స్" అనే బిరుదు చిత్రం పేరుతో సహా అన్ని విధాలా అతికింది. తరువాతి కాలంలో తండ్రి కృష్ణకు చెందిన "సూపర్ స్టార్" ఆయనకు స్థిరపడింది.

తరం మార్పు: కొత్తవారు వచ్చినపుడు బిరుదు ఒక మెట్టు కిందికి దిగుతుంది. అక్కినేని నాగేశ్వరరావు "నటసామ్రాట్" కనుక కుమారుడు నాగార్జున "యువసామ్రాట్" అయ్యాడు. తరువాత నాగార్జున "కింగ్"గా ప్రచారం పొందాడు. అదే పేరుతో 2008లో ఆయన చిత్రం కూడా విడుదలైంది. 2009లో "జోష్"తో పరిచయమైన నాగచైతన్యకు "యువసామ్రాట్" సంక్రమించింది. ఈ విధంగా ఒక బిరుదు ఖాళీ కావడం, మరొకరు దానిని అందుకోవడం వారసత్వపు ఆస్తి పంపకాన్ని తలపిస్తుంది.

పాత్రల విస్తృతి: ఒకే రకపు పాత్రలనుండి బయటపడదలచిన నటునికి పాత బిరుదు అడ్డంకి కావచ్చును.

భాషా ప్రాంతాల విస్తృతి: ఇతర భాషలలో విడుదలలు పెరిగిన తరువాత, తెలుగు తెలియని ప్రేక్షకునికి కూడా అర్థమయ్యే బిరుదు అవసరమైంది.

రాజకీయ ప్రవేశం: అభిమానులకు పరిమితమైన బిరుదు ఓటరుకు చాలదు.

ముఖ్యమైన ఉదాహరణలు

చిరంజీవి

"ప్రాణం ఖరీదు" (1978)తో తెరకు వచ్చిన చిరంజీవి, "ఖైదీ" (1983) విజయంతో అగ్రశ్రేణికి చేరాడు. ఆ కాలంలో ఆయన బిరుదు "సుప్రీం హీరో". "అభిలాష", "ఛాలెంజ్", "రాక్షసుడు" చిత్రాలను నిర్మించిన కె.ఎస్.రామారావు, 1988లో విడుదలైన "మరణ మృదంగం" చిత్రంతో "మెగాస్టార్" బిరుదును ప్రవేశపెట్టాడు. యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా వచ్చిన ఈ చిత్రానికి దర్శకుడు ఎ.కోదండరామిరెడ్డి.

ఈ మార్పులో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది: "సూపర్ స్టార్" అప్పటికే కృష్ణకు స్థిరపడి ఉన్నది. "మెగా" అనే మాట ఆ బిరుదుతో పోటీ పడకుండానే వేరొక స్థాయిని సూచించింది. రెండవది: "సుప్రీం హీరో"లో "హీరో" అనే మాట పాత్రకు సంబంధించినది, "స్టార్" అనే మాట వ్యక్తికి సంబంధించినది. కొత్త బిరుదు పాత్రనుండి వ్యక్తికి మారింది. అంతేకాక "మెగా" విడదీసి వాడుకోవడానికి వీలైన మాట. "మెగా కుటుంబం", "మెగా అభిమానులు" అనే ప్రయోగాలు దీనినుండి పుట్టినవే. రామ్ చరణ్‌కు వచ్చిన "మెగా పవర్ స్టార్" అనే బిరుదులో తండ్రి చిరంజీవి బిరుదు, బాబాయి పవన్ కళ్యాణ్ బిరుదైన "పవర్ స్టార్" రెండూ కలిసి ఉన్నాయి.

చిరంజీవి విడిచిన "సుప్రీం" కూడా వృథా పోలేదు. ఆయన మేనల్లుడు సాయి ధరమ్ తేజ్ "సుప్రీం హీరో"గా ప్రచారం పొందాడు. 2016లో "సుప్రీమ్" అనే పేరుతోనే ఆయన చిత్రం వచ్చింది.

అల్లు అర్జున్

"గంగోత్రి" (2003), "ఆర్య" (2004) చిత్రాల తరువాత, నృత్యం, వేషధారణ కారణంగా అల్లు అర్జున్‌కు "స్టైలిష్ స్టార్" అనే బిరుదు స్థిరపడింది. మలయాళ అనువాదాల ద్వారా కేరళలో అభిమానులు ఏర్పడి "మల్లు అర్జున్" అని పిలుచుకున్నారు. 2021 ఏప్రిల్‌లో, తన పుట్టినరోజుకు ముందునాడు జరిగిన "పుష్ప" ప్రచార కార్యక్రమంలో దర్శకుడు సుకుమార్ ఆయనను "ఐకాన్ స్టార్"గా ప్రకటించాడు.

ఆ చిత్రంలో కథానాయకుడు శేషాచలం అడవులలో ఎర్రచందనం కొట్టే కూలీ. ఒక భుజం ఎత్తి నడుస్తాడు, లుంగీ కట్టుకుంటాడు, చిత్తూరు యాసలో మాట్లాడుతాడు. ఈ పాత్రకు ముందు "స్టైలిష్" అనే మాట ఉంచితే అర్థం ఎదురు తిరుగుతుంది. కనుక ఇక్కడ బిరుదు మార్పు కేవలం హోదా పెంపు కాదు, పాత్రకు దారి ఇవ్వడం కూడా. "పుష్ప: ది రైజ్" 2021 డిసెంబరు 17న తెలుగుతోపాటు హిందీ, తమిళం, మలయాళం, కన్నడ భాషలలో విడుదలైంది. ఈ చిత్రానికి 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఆయన ఉత్తమ నటుడుగా ఎంపికయ్యాడు. 2023లో ప్రకటించిన ఈ పురస్కారం తెలుగు నటునికి దక్కడం అదే మొదటిసారి. బిరుదు ముందుగా ప్రకటితమైనా, దానికి బలం చేకూర్చినది ఆ తరువాతి ఫలితమే.

రామ్ చరణ్, జూనియర్ ఎన్టీఆర్

ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వంలో 2022 మార్చి 25న విడుదలైన "ఆర్.ఆర్.ఆర్." విదేశాలలో ఆదరణ పొందింది. 2023 మార్చిలో దానిలోని "నాటు నాటు" పాటకు ఆస్కారు పురస్కారం లభించింది. ఆ తరువాత రామ్ చరణ్ ప్రచారంలో "గ్లోబల్ స్టార్" అనే బిరుదు వచ్చింది. 2025 జనవరిలో విడుదలైన "గేమ్ ఛేంజర్" చిత్రానికి దీనినే వాడారు. ఆ చిత్రం ఆశించిన ఆదరణ పొందలేదు. పెద్ద బిరుదు చిత్రానికి ప్రచారం ఇవ్వగలదు కాని విజయాన్ని ఇవ్వలేదని ఇది తెలుపుతుంది.

జూనియర్ ఎన్టీఆర్ విషయంలో "యంగ్ టైగర్" స్థానంలో "మ్యాన్ ఆఫ్ మాసెస్" వచ్చింది. 2024 సెప్టెంబరులో విడుదలైన "దేవర" ప్రచారంలో ఇదే బిరుదు కనిపించింది. ఈయనకు తాతగారి పేరే ఉండడంవలన "జూనియర్" అనే మాట కూడా ఒక అనధికార బిరుదుగా అంటిపెట్టుకున్నది. చిత్ర ప్రకటనలలో "ఎన్టీఆర్" అని మాత్రమే వేసినా, జనం మాటల్లో "జూనియర్" పోలేదు. ప్రచారకర్తలు ఇచ్చిన బిరుదును మార్చడం సులభం. ప్రజలు ఇచ్చినదానిని మార్చడం కష్టం.

విజయశాంతి

"కర్తవ్యం" (1990) చిత్రంలో పోలీసు అధికారి పాత్రకు విజయశాంతి జాతీయ ఉత్తమ నటి పురస్కారం పొందింది. ఈ కాలంలో ఆమెకు "లేడీ అమితాబ్" అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. అది గొప్ప ప్రశంసే అయినా, ఒక నటి సాధించిన దానిని మరొక నటుని కొలమానంతో కొలిచే బిరుదు. 1997లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో వచ్చిన "ఒసేయ్ రాములమ్మా" తరువాత ప్రజలు ఆమెను "రాములమ్మ" అని పిలవసాగారు. ఇది ఎవరో ప్రకటించిన బిరుదు కాదు. తెలంగాణ పల్లెలోని ఒక పేదింటి స్త్రీ పేరు. ఆమె రాజకీయాలలో ప్రవేశించిన తరువాత కూడా ఈ పేరే వెంట నడిచింది. మాట చిన్నది, మామూలుది. కాని పరిధి మాత్రం మొదటిదానికంటె పెద్దది.

సినిమా పేరే బిరుదుగా

తొలి విజయం ఇచ్చిన చిత్రం పేరు నటుని ఇంటిపేరువలె స్థిరపడటం తెలుగు సినిమాలో ప్రత్యేకమైన ఆచారం. "షావుకారు" (1950) తరువాత జానకి "షావుకారు జానకి" అయింది. తమిళ రంగంలోనూ అదే పేరుతో ప్రసిద్ధి పొందింది. చేంబోలు సీతారామశాస్త్రికి "సిరివెన్నెల" (1986) అటువంటిదే.

ఈ రకంలో బిరుదు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది చిత్రం పేరులోని మాట మీద ఆధారపడుతుంది. "సిరివెన్నెల" అనే మాట ఏ రకపు కవిత్వానికైనా సరిపోతుంది. కనుక అది రచయితను బంధించలేదు. "అల్లరి" (2002)తో పరిచయమైన నరేష్‌కు ఆ మాట హాస్యచిత్రాలలో ఎంతో ఉపయోగపడింది. కాని "గమ్యం" (2008), "మహర్షి" (2019), "నాంది" (2021) వంటి చిత్రాలలో ఆయన పోషించిన బరువైన పాత్రలకు ఆ మాటకు పొత్తు లేదు. "నాంది"లో చేయని నేరానికి జైలులో మగ్గే విచారణ ఖైదీ పాత్రను చూసిన ప్రేక్షకుడు కూడా బయటకు వచ్చి ఆయనను "అల్లరి నరేష్" అనే అంటాడు. ఇక్కడ నటన పరిధి పెరిగింది, పేరు మాత్రం పెరగలేదు.

రాజకీయ రంగంలో

తారక రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించాడు. చైతన్యరథంపై ఊరూరా తిరిగినపుడు "విశ్వవిఖ్యాత నటసార్వభౌమ" అనే దీర్ఘ సమాసం కంటె "అన్న", "అన్నగారు" అనే చుట్టరికపు మాట ప్రజలకు దగ్గరైంది. దానికి తోడు "తెలుగువారి ఆత్మగౌరవం" అనే నినాదం నిలిచింది. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. సార్వభౌముడికి, ప్రజకు మధ్య దూరం ఉంటుంది. అన్నకు, తమ్మునికి మధ్య ఉండదు. బిరుదును పెంచకుండా తగ్గించడం ద్వారా పరిధిని పెంచిన ఉదాహరణ ఇది.

పవన్ కళ్యాణ్ 2014 మార్చి 14న జనసేన పార్టీని ప్రారంభించిన తరువాత, "పవర్ స్టార్"తోపాటు "జనసేనాని" అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. సినిమా ప్రకటనలలో మొదటిది, రాజకీయ వార్తలలో రెండవది కనిపించడంవలన ఒకే వ్యక్తికి రెండు రంగాలలో రెండు బిరుదులు నడిచాయి. తమిళ నటుడు విజయ్ 2017లో "మెర్సల్" (తెలుగు అనువాదం "అదిరింది") చిత్రంతో "ఇళయదళపతి" నుండి "దళపతి"గా మారాడు. "ఇళయ" అనగా చిన్న అని అర్థం. 2024 ఫిబ్రవరిలో ఆయన రాజకీయ పార్టీని ప్రకటించాడు.

ప్రకటించే పద్ధతి

కొత్త బిరుదును నటుడు స్వయంగా ప్రకటించుకోవడం అరుదు. సాధారణంగా నిర్మాత లేదా దర్శకుడు ఇచ్చినట్లుగా వెలువడుతుంది. ఇది పాతకాలపు రాజసభ సంప్రదాయానికి కొనసాగింపు. పుట్టినరోజు, చిత్రం తొలి రూపం విడుదల, విడుదలకు ముందు జరిగే సభ ఇందుకు అనువైన సందర్భాలు. తరువాత చిత్రం ఆరంభంలో పేర్లు పడేటపుడు బిరుదు కనిపిస్తుంది. రజనీకాంత్ నటించిన "అణ్ణామలై" (1992)లో "సూపర్ స్టార్" అనే అక్షరాలు ఒక్కొక్కటిగా తెరపై వెలగడం ఈ పద్ధతికి పేరుపొందింది. ఆ పిమ్మట అభిమాన సంఘాల ఫ్లెక్సీలు, పత్రికా ప్రకటనలు ఆ మాటను వ్యాప్తి చేస్తాయి. బిరుదు నిలిచినదో లేదో తెలిసేది మాత్రం అభిమాని కాని ప్రేక్షకుడు కూడా దానిని వాడినపుడే.

బిరుదులను వదులుకోవడం

ఇటీవలి కాలంలో కొందరు దక్షిణాది నటులు బిరుదును మార్చుకోవడానికి బదులు పూర్తిగా విడిచిపెట్టారు.

* హైదరాబాదులో పుట్టి, తెలుగు చిత్రం "ప్రేమ పుస్తకం" (1993)లో కథానాయకుడుగా నటించిన అజిత్ కుమార్, తనను "తల" అని పిలవవద్దని 2021 డిసెంబరు 1న కోరాడు. "అజిత్", "అజిత్ కుమార్" లేదా "ఎ.కె." అంటే చాలునని తెలిపాడు.
* "మరో చరిత్ర", "సాగర సంగమం" చిత్రాలతో తెలుగువారికి ఆప్తుడైన కమల్ హాసన్, 2024 నవంబరులో "ఉలగనాయగన్" (లోకనాయకుడు) అనే బిరుదును వదులుకున్నాడు. కళాకారుని కంటె కళ గొప్పదని, తాను నిత్య విద్యార్థినని ఆయన ప్రకటన సారాంశం.
* "శ్రీరామరాజ్యం" (2011)లో సీతగా నటించిన నయనతార, "లేడీ సూపర్ స్టార్" అనవద్దని 2025 మార్చిలో అభిమానులను కోరింది. బిరుదులు విలువైనవే అయినా, ఒక్కొక్కపుడు అవి నటులను తమ పనినుండి, ప్రేక్షకులనుండి వేరు చేస్తాయని ఆమె అభిప్రాయం.

భాష

తొలితరం బిరుదులు సంస్కృత సమాసాలు. 1970ల తరువాతివి ఎక్కువగా ఆంగ్ల పదాలు. దీనిని తెలుగు భాషకు జరిగిన లోటుగా భావించేవారు ఉన్నారు. అయితే "సార్వభౌమ", "సామ్రాట్" వంటి మాటలు కూడా అన్ని భారతీయ భాషలకూ తెలిసినవే. ఆ రోజులలో సంస్కృతం చేసిన పనిని తరువాత ఆంగ్లం చేసింది. దర్శకుల బిరుదులలో మాత్రం పాత పద్ధతి కొనసాగింది. కె.విశ్వనాథ్ "కళాతపస్వి", కె.రాఘవేంద్రరావు "దర్శకేంద్రుడు", దాసరి నారాయణరావు "దర్శకరత్న", రాజమౌళి "దర్శకధీరుడు". గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం "గానగంధర్వుడు".

పరిశీలన

పై ఉదాహరణలనుండి కొన్ని సామాన్య విషయాలు గ్రహించవచ్చును. వయసునో, ఒక్క గుణాన్నో చెప్పే బిరుదు త్వరగా పరిచయం కల్పిస్తుంది, కాని త్వరగానే ఇరుకవుతుంది. కొత్త బిరుదు పాతదానికంటె పెద్ద మాట కానక్కరలేదు. "అన్నగారు", "రాములమ్మ" ఇందుకు సాక్ష్యం. పని విస్తరించినపుడు బిరుదు దానిని అనుసరించి నిలుస్తుంది. పనికంటె చాలా ముందుకు వెళ్ళిన బిరుదు, దానిని నిజం చేసే చిత్రం కోసం ఎదురుచూడవలసి వస్తుంది. ఇచ్చేవారు ఎవరైనా, దానిని నిలబెట్టేది ప్రేక్షకుని నోటి వాడుకే.

బిరుదుల మార్పు - సంక్షిప్తంగా

* చిరంజీవి: సుప్రీం హీరో - మెగాస్టార్ (1988)
* నాగార్జున: యువసామ్రాట్ - కింగ్
* మహేష్ బాబు: ప్రిన్స్ - సూపర్ స్టార్
* అల్లు అర్జున్: స్టైలిష్ స్టార్ - ఐకాన్ స్టార్ (2021)
* రామ్ చరణ్: మెగా పవర్ స్టార్ - గ్లోబల్ స్టార్
* జూనియర్ ఎన్టీఆర్: యంగ్ టైగర్ - మ్యాన్ ఆఫ్ మాసెస్
* విజయశాంతి: లేడీ అమితాబ్ - రాములమ్మ

ఇవి కూడా చూడండి

* తెలుగు సినిమా
* తెలుగు కవుల బిరుదులు
* నందమూరి తారక రామారావు
* చిరంజీవి
* విజయశాంతి